అలైన్‌మెంట్ చేసిన వారానికే మళ్లీ వంకరయ్యే స్టీరింగ్: ఒక కేసు వివరం

బెంగళూరు తూర్పు వైపు ఒక చిన్న గ్యారేజీ నడుపుతున్నాను. ఇంజిన్ పనులు తక్కువ. స్టీరింగ్, సస్పెన్షన్, అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం), టైర్లు, ఇవే మా పని. మా దగ్గరికి వచ్చే బండ్లు చాలావరకు వేరే చోట ఒకటికి రెండుసార్లు చూపించుకుని, డబ్బులు పెట్టి, విసిగిపోయి వచ్చేవే.

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఐదు నెలల్లో నాలుగు చోట్ల చూసినా లోపం దొరకలేదు. ఐదో చోట చూసిన నేను కూడా మొదటిసారి తప్పే చెప్పాను. లోపమేమో ప్రాణాల మీదికి తెచ్చే రకం. దాన్ని పట్టిచ్చిన ఆధారాలు రెండూ మొదటి రోజే నాకు అందుబాటులో ఉన్నాయి: బండి యజమాని ఫైల్‌లో దాచుకున్న అలైన్‌మెంట్ కాగితాలు ఒకటి, ఆయన భార్య గమనించిన ఒక సంగతి ఇంకొకటి. కాగితాలు నేను చదవలేదు, ఆమెను నేను అడగలేదు. యజమాని వివరాలు, బండి మోడల్, ఇంతకుముందు పని చేసిన గ్యారేజీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

బండి, ఇల్లు

ఆరేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది. యజమానులు అనంతపురం జిల్లా వాళ్లు, ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆయన వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రోలో ఆఫీసుకు వెళ్తారు. బండి రోజూ నడిపేది ఆమె. పొద్దున పిల్లవాణ్ని స్కూల్లో దింపి, అక్కడి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసుకు. నెలకు ఒకటి రెండుసార్లు 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఊరికి పోయి వస్తారు, అప్పుడు ఆయన నడుపుతారు.

ఈ బండి నిర్మాణం గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ముందు రెండు చక్రాల మధ్య, ఇంజిన్ కింద, అడ్డంగా ఒక ఇనుప చట్రం ఉంటుంది. సబ్‌ఫ్రేమ్ అంటారు, పాతవాళ్లు క్రాస్ మెంబర్ అంటారు. చక్రం కింది భాగాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్‌లు రెండు పక్కలా దీనికే. స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ దీని మీదే. ఇంజిన్ వెనక మౌంట్ కూడా దీనికే. ఈ చట్రమంతా బాడీకి నాలుగు పెద్ద బోల్టులతో బిగించి ఉంటుంది. చక్రం పై భాగాన్ని పట్టుకునే స్ట్రట్ మాత్రం నేరుగా బాడీకి బిగిస్తారు. అంటే చక్రం పైన బాడీ పట్టు, కింద సబ్‌ఫ్రేమ్ పట్టు. ఈ రెండింటి మధ్య సంబంధం ఆ నాలుగు బోల్టులే.

ఫిర్యాదు

మొదటిసారి ఆయన ఒక్కరే వచ్చారు, శనివారం మధ్యాహ్నం. చేతిలో ప్లాస్టిక్ ఫైల్. చెప్పింది ఇది: తిన్నగా పోతున్నా స్టీరింగ్ మీది లోగో ఎడమకి ఒరిగి ఉంటోంది. 80 స్పీడులో చేతులు వదులు చేస్తే బండి కుడికి పోతోంది. అప్పుడప్పుడు ముందు నుంచి టక్ మని శబ్దం. అలైన్‌మెంట్ చేయిస్తే వారం, పది రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఒక్కోసారి ఎదురు పక్కకి లాగుతుంది.

ఆ చివరి వాక్యం ఆయన చాలా మామూలుగా అనేశారు. నేనూ అంతే మామూలుగా వినేశాను. ఈ కేసు మొత్తానికి కీలకం అదే.

ఐదు నెలల్లో జరిగిన పనులు ఫైల్‌లో వరసగా ఉన్నాయి. లింక్ రాడ్లు రెండూ మార్చారు. తర్వాత స్ట్రట్ మౌంట్లు. తర్వాత ఎడమ స్ట్రట్. తర్వాత రెండు లోయర్ ఆర్మ్‌లు, కంపెనీవి కావు, బయటివి. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. అలైన్‌మెంట్ నాలుగుసార్లు, అందులో మూడింటి కాగితాలు ఉన్నాయి. అంతా కలిపి 38 వేలు దాటింది. చివరి చోట, ఇక పవర్ స్టీరింగ్ కాలమ్ మార్చాల్సిందే, 45 వేలు అవుతుంది అన్నారట. దాంతో టెన్షన్ పడి, ఎవరో చెబితే మా దగ్గరికి వచ్చారు.

ముందుగా 45 వేల మాట

అంత ఖర్చు చెప్పినప్పుడు అది అవునో కాదో మొదట తేల్చాలి. ఈ బండికి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. స్టీరింగ్ కడ్డీ ఉండే కాలమ్ మీద మోటార్ ఉంటుంది, మనం స్టీరింగ్ ఎంత బలంగా తిప్పుతున్నామో ఒక టార్క్ సెన్సార్ చూసి మోటార్‌కి చెబుతుంది. ఇది పాడైతే సాధారణంగా రెండు రకాలుగా బయటపడుతుంది. స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కి డ్యాష్‌బోర్డులో లైటు వెలగడం ఒకటి. సెన్సార్ సున్నా స్థానం తప్పి, మనం తిప్పకపోయినా మోటార్ ఒక పక్కకి తోయడం రెండోది. ఆ రెండోది ఉంటే బండి లాగినట్టే అనిపిస్తుంది కాబట్టి, వాళ్ల అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు.

పరీక్ష సులువు. బండిని లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు గాల్లో ఉండగా ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ వదిలేశాం. సెన్సార్ తప్పు చెబుతుంటే, నేల పట్టు లేదు కాబట్టి స్టీరింగ్ తనంతట తానే తిరగాలి. కదల్లేదు. రెండు పక్కలా తిప్పితే బరువు ఒకేలా ఉంది. స్కానర్‌లో ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదు. ఛార్జింగ్ వోల్టేజ్ 14.1. లైట్లు, ఏసీ వేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పినా 13.6 కంటే దిగలేదు. ఎర్త్ వైరు దగ్గర తుప్పు లేదు. కాలమ్‌కి ఏ సంబంధమూ లేదని ఆయనకి అక్కడే చెప్పేశాను.

కంపెనీ వెనక్కి పిలిచిన బండ్లలో ఇది ఉందేమో కూడా ఛాసిస్ నంబర్‌తో చూశాం. స్టీరింగ్ ఫిర్యాదు వచ్చినప్పుడు ఇది ఎప్పుడూ చేస్తాం. 2023 జులైలో మారుతి సుజుకి 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను స్టీరింగ్ టై రాడ్‌లో లోపం ఉండే అవకాశం ఉందని వెనక్కి పిలిచింది. అలాంటి దాంట్లో ఉన్న బండికి మనం డబ్బు తీసుకుని పని చేస్తే అన్యాయం, పైగా అసలు లోపం అలాగే ఉండిపోతుంది. ఈ బండి మీద ఏ పిలుపూ లేదు.

నా తప్పు

ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు నడిపాను. కుడికి లాగడం నిజమే. శబ్దం మాత్రం ఒక్కసారీ రాలేదు. హంపుల మీద ఎక్కించాను, సర్వీస్ రోడ్డు గుంతల్లో దించాను, గుండ్రంగా తిప్పాను. ఏమీ లేదు. తిరిగొచ్చి ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి మళ్లీ నడిపాను. టైరు లోపమైతే లాగే పక్క మారాలి. మారలేదు. అంటే టైరు కాదు.

లిఫ్ట్ మీద పొడవాటి కడ్డీ పెట్టి ఒక్కో జాయింట్ ఎత్తి చూస్తే, కుడి లోయర్ ఆర్మ్ వెనక బుష్ రబ్బరు చీలి కనిపించింది. రెండు నెలల కింద వేసిన బయటి సరుకు. ఇదే అనుకున్నాను. కంపెనీ ఆర్మ్ తెప్పించి వేశాం, అలైన్‌మెంట్ చేశాం, స్టీరింగ్ తిన్నగా వచ్చింది. కుడికి లాగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రోడ్డు వాలు అయ్యుంటుందిలే అని పంపించేశాను.

ఇక్కడ రెండు తప్పులు చేశాను. మన దగ్గర ఎడమ పక్క నడుపుతాం, రోడ్డు సాధారణంగా నడుమ ఎత్తుగా ఉండి ఎడమ అంచుకు వాలుతుంది. బండి కొంచెం ఎడమకి పోతే వాలు అనుకోవచ్చు. కుడికి పోయే బండిని రోడ్డు మీదికి నెట్టకూడదు, అది వాలుకి ఎదురు పోతోంది. ఈ సంగతి మా కుర్రాళ్లకి నేనే చెబుతుంటాను. ఆ శనివారం సాయంత్రం నాకే గుర్తు రాలేదు.

రెండోది ఇంకా పెద్దది. బుష్ చీలడం నిజమైన లోపమే. కానీ చీలిన బుష్ ఒక పక్కే లాగిస్తుంది. లాగే పక్క వారానికొకసారి ఎందుకు మారుతుంది? ఆయన చెప్పిన నాలుగు సంగతుల్లో ఈ బుష్ రెండింటికే జవాబు చెబుతోంది. ఒక లోపం దొరికేసరికి వెతకడం ఆపేశాను.

తొమ్మిది రోజుల తర్వాత

మధ్యలో ఒకసారి అనంతపురం పోయి వచ్చారు. ఆ మరుసటి రోజు బండి మళ్లీ వచ్చింది. ఈసారి లోగో కుడికి ఒరిగింది, బండి ఎడమకి లాగుతోంది. ఈసారి తీసుకొచ్చింది ఆమె.

ఆమె బండి దిగుతూనే అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "అన్నా, ఆ సౌండు మీకు ఎప్పుడన్నా వినపడిందా?"

లేదన్నాను.

"వినపడదులే. మీరు రోడ్డు మీద తోలి చూస్తారు. అది పొద్దున బేస్‌మెంట్‌లో రివర్స్ తీసి, ముందుకు పోయి మొదటి బ్రేక్ కొడతా చూడండి, అప్పుడు ఒక్కసారి టక్ అంటుంది. రెండో బ్రేక్‌కి రాదు. మళ్ల ఆఫీసులో పార్కింగ్ నుంచి రివర్స్ తీస్తే అప్పుడు ఇంకోసారి."

"ఇది ముందెవరికన్నా చెప్పినారా అమ్మా?"

"రెండు చోట్ల చెప్పినా. వాళ్లు మా ఆయన వైపు చూసి మాట్లాడినారు."

నేనైతే అంత దూరం కూడా పోలేదు. రోజూ బండి ఎవరు నడుపుతారు అని అడగనే లేదు. ఆదివారం నడిపే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ వచ్చే శబ్దం కోసం వెతికాను.

గ్యారేజీ ముందే రివర్స్ తీసి, ముందుకు కదిలి, బ్రేక్ వేయమన్నాను. టక్. స్పష్టంగా, ఒక్కసారే. కాలి కింద నేల మీద సుత్తితో మెల్లగా కొట్టినట్టు. మళ్లీ బ్రేక్ వేశారు, రాలేదు. రివర్స్ తీసి ముందుకు వచ్చి వేశారు, వచ్చింది.

శబ్దం ఇలా ప్రవర్తిస్తోందంటే సగం పని అయిపోయినట్టే. లింక్ రాడ్, స్ట్రట్ మౌంట్, బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్, చక్రం కలిసే కీలు) వదులైతే ప్రతి గుంతకీ మోగుతాయి. దిశ మారినప్పుడు ఒక్కసారే మోగి ఊరుకుంటోందంటే, ఏదో ఒక భాగం జరిగి, జరిగిన చోటే కూర్చుంటోంది. దాన్ని ఎదురు దిక్కుకు తోస్తే గానీ మళ్లీ కదలదు. అలా జరగగలిగేవి ఎక్కువ లేవు: కాలిపర్‌లో బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ మౌంట్, లోయర్ ఆర్మ్ బోల్టు, సబ్‌ఫ్రేమ్.

రివర్స్ తర్వాత మొదటి బ్రేక్‌కి టక్ మనడం బ్రేక్ ప్యాడ్లకి బాగా అలవాటైన రోగం, కాబట్టి ముందు వాటినే విప్పాం. క్లిప్పులు బిగుతుగా ఉన్నాయి, ఆట లేదు. పైగా ప్యాడ్ జరిగితే స్టీరింగ్ వంకర కాదు. ఇంజిన్ మౌంట్ అయితే బ్రేక్‌తో పని లేకుండా, గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు కూడా కొట్టాలి. కొట్టలేదు. ఆర్మ్ బోల్టులు నేనే తొమ్మిది రోజుల కింద, బిగించే బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాను, మళ్లీ చూశాను, కదల్లేదు.

అప్పుడు ఆమెను ఫైల్ అడిగాను.

ఐదు కాగితాలు

పాతవి మూడు, నా మొదటిది ఒకటి, ఇప్పుడు తీసింది ఒకటి. బానెట్ మీద వరసగా పరిచి, క్యాంబర్ ఒక్కటే చూశాను. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిటారుగా ఉందా, లోపలికో బయటికో ఒరిగిందా అనే కొలత. పై భాగం లోపలికి ఒరిగితే మైనస్, బయటికి ఒరిగితే ప్లస్. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం.

మొదటి కాగితం: ఎడమ మైనస్ 44 నిమిషాలు, కుడి మైనస్ 8. 
రెండోది: ఎడమ మైనస్ 20, కుడి మైనస్ 30. 
మూడోది: ఎడమ మైనస్ 41, కుడి మైనస్ 12. 
నాది: ఎడమ మైనస్ 42, కుడి మైనస్ 11. 
ఇప్పటిది: ఎడమ మైనస్ 19, కుడి మైనస్ 33.

రెండు పక్కలూ కూడితే 52, 50, 53, 53, 52.

ఒక్కో చక్రం ఇరవై నిమిషాలకు పైగా అటూ ఇటూ ఊగుతోంది, మొత్తం మాత్రం కదలడం లేదు. స్ట్రట్ వంగినా, ఒక పక్క ఆర్మ్ పోయినా ఆ పక్క కొలత ఒక్కటే మారుతుంది, అప్పుడు మొత్తం కూడా మారుతుంది. ఇక్కడ ఎడమ చక్రం ఎంత లోపలికి ఒరిగితే కుడిది దాదాపు అంతే నిటారు అవుతోంది. రెండు చక్రాల కింది భాగాలూ కలిసి ఒకే దిక్కుకు జరిగితే తప్ప ఇలా రాదు. రెండింటినీ కింద కలిపి పట్టుకునేది ఒక్కటే, సబ్‌ఫ్రేమ్. బాల్ జాయింట్ నుంచి స్ట్రట్ పైకి సుమారు 60 సెంటీమీటర్లు అనుకుంటే, 24 నిమిషాల తేడాకి కింద నాలుగు మిల్లీమీటర్లు జరగాలి. బోల్టు వదులైతే, రంధ్రంలో ఉండే సందులో అంత జరగడం సాధ్యమే.

లాగడం కూడా దీంతో సరిపోయింది. క్యాంబర్ ఏ పక్క ఎక్కువ ప్లస్ వైపు ఉంటే బండి ఆ పక్కకి పోతుంది. సబ్‌ఫ్రేమ్ ఎడమకి జరిగినప్పుడు కుడికి లాగింది. తిరిగి కుడికి జరిగినప్పుడు ఎడమకి. అది జరిగేటప్పుడు కాస్త అడ్డంగా కూడా తిరుగుతుంది కాబట్టి ర్యాక్‌తో పాటు రెండు చక్రాలూ తిరిగి, లోగో ఒరుగుతోంది.

ఈ ఐదు కాగితాల మీదా క్యాంబర్ గడులు ఆకుపచ్చగానే ఉన్నాయి. ఈ బండికి అనుమతించిన హద్దు మైనస్ 30 నిమిషాలకు అటు 45, ఇటు 45. ప్రతి కొలతా హద్దులోనే ఉంది కాబట్టి మెషిన్ పచ్చ రంగు చూపించింది. ఆ మెషిన్ ఈ రోజు కొలతను హద్దుతో పోలుస్తుంది, పోయిన నెల కొలతతో పోల్చదు. ఆ పని మనిషి చేయాలి. నలుగురం చేయలేదు, మొదటిసారి నాతో కలిపి.

పిట్‌లో

లిఫ్ట్ మీద ఎత్తితే చక్రాలు వేలాడతాయి, సబ్‌ఫ్రేమ్ మీద బరువు పోతుంది, వదులు తెలియదు. అందుకే బండిని పిట్ (కింద దిగి పని చేయడానికి నేలలో తవ్విన గొయ్యి) మీద నిలబెట్టి, మా కుర్రాణ్ని స్టీరింగ్ అటూ ఇటూ గట్టిగా ఊపమని, నేను కింద దిగాను. టార్చి వేసి, సబ్‌ఫ్రేమ్ బాడీకి ఆనే సందు మీద చూపుడు వేలు పెట్టాను. కుడి ముందు బోల్టు దగ్గర వేలి కింద చర్మాన్ని ఏదో సన్నగా గిచ్చినట్టు కదలిక తెలిసింది. కంటికి మాత్రం ఏమీ కనపడలేదు.

గుడ్డతో మట్టి తుడిచాను. బోల్టు వాషర్ పక్కన నెలవంక ఆకారంలో ఇనుము తెల్లగా మెరుస్తోంది. చుట్టూ అంతా నల్లటి పెయింటు, ఎర్ర దుమ్ము. ఆ నెలవంక ఒక్కటే కొత్త రూపాయి బిళ్ల అంచులా ఉంది. దాని అంచున ముక్కుపొడి లాంటి గోధుమరంగు పొడి. ఇనుము ఇనుముతో రాసుకుంటే రాలే పొడి అది. వాషర్ రోజూ ఆ మేర జరుగుతోందన్నమాట.

నాలుగు బోల్టుల దగ్గరా వాషర్ మీదుగా సబ్‌ఫ్రేమ్ దాకా తెల్ల పెయింట్ మార్కర్‌తో గీత గీశాను. ఆమెను బండి బయటికి తీసి, రివర్స్ చేసి, బ్రేక్ వేసి మళ్లీ పిట్ మీదికి తెమ్మన్నాను. మూడు గీతలు విరిగాయి. కుడి ముందు గీత రెండు ముక్కలై, మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం వచ్చింది.

పానా చేతిలోనే ఉంది. బిగించేయాలని చెయ్యి లాగింది. ఆగాను. ఒకసారి బిగిస్తే జరిగింది ఏమిటో ఎవరికీ చూపించలేం. ముందు ఫోటోలు, వీడియో తీశాం. ఆమెను కూడా పిట్‌లోకి దిగమని అడిగితే దిగారు, తన ఫోన్‌తో తనే తీసుకున్నారు. ఆ తర్వాతే మామూలు పానా పెట్టాను. కుడి ముందు బోల్టు పెద్దగా బలం పెట్టకుండానే పావు చుట్టు తిరిగింది.

"ఈ మధ్య కింద ఇంజిన్ పనో గేర్‌బాక్స్ పనో ఏమన్నా జరిగిందా అమ్మా?"

ఏడు నెలల కింద క్లచ్ మార్చారు. ఆ జాబ్ కార్డు అదే ఫైల్‌లో అన్నిటికంటే అడుగున ఉంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద నడిచే బండికి 60 వేలకి క్లచ్ పోవడం మామూలే. ఈ మోడల్‌లో గేర్‌బాక్స్ దించాలంటే సబ్‌ఫ్రేమ్ విప్పక తప్పదు. క్లచ్‌కీ స్టీరింగ్‌కీ సంబంధం ఉంటుందని యజమానికి ఎలా తెలుస్తుంది? ఆయన చెప్పకపోవడం తప్పు కాదు. అడగాల్సింది మేము.

బిగించడం

ఉన్న చోటే నాలుగు బోల్టులు బిగిస్తే పది నిమిషాల పని. అలా చేయకపోవడానికి కారణాలున్నాయి. సబ్‌ఫ్రేమ్ ఇప్పుడు పక్కకి జరిగి ఉంది. అక్కడే బిగిస్తే వంకర శాశ్వతమవుతుంది. ఇంకోటి, నెలల తరబడి రాసుకున్న బోల్టు బిగింపు నిలుపుకుంటుందన్న నమ్మకం లేదు.

జాకీ ఆనించి ఒక్కో బోల్టు తీశాం. ఎడమ వెనకది తీసి తల చూస్తే 8.8 అని ఉంది. మిగతా మూడింటి మీద 10.9. ఆ అంకెలు ఇనుము బలాన్ని చెబుతాయి. 10.9 తట్టుకునే బిగింపును 8.8 తట్టుకోదు, సాగిపోతుంది. ఎక్కడో ఎప్పుడో అసలు బోల్టు పోయి, సైజు సరిపోయిందని ఇది పెట్టేశారు. కుడి ముందు బోల్టు మరలు మొదటి నాలుగు చుట్లు చిదిగిపోయాయి, అడ్డంగా ఎక్కించి, బోల్టులు బిగించే గన్‌తో కొట్టిన గుర్తు.

బండ్ల విడిభాగాలు అమ్మే జె.సి. రోడ్డుకి మనిషిని పంపితే గంటలో బోల్టులు వస్తాయి. ఈ చోటికి మాత్రం కంపెనీ బోల్టులే కావాలన్నాను. రెండు రోజులు పడుతుందన్నారు. రేపు స్కూలు ఉంది, తాత్కాలికంగా బిగించి ఇవ్వండి, బుధవారం తెస్తాం అని ఆయన ఫోన్‌లో అడిగారు. ఇవ్వనన్నాను. స్టీరింగ్ ర్యాక్, రెండు చక్రాలు వేలాడే చట్రం అది. దాని బోల్టు చిదిగిందని తెలిశాక ఒక పిల్లవాణ్ని ఎక్కించుకుని రింగ్ రోడ్డు మీద పొమ్మని నేను తాళం చెవి ఇవ్వలేను. ఆయన కొంచెం విసుక్కున్నారు. రెండు రోజులూ ఆటోలో దింపారట.

బోల్టులు వచ్చాక బాడీలోని నట్టుల మరలు ట్యాప్ అనే మరలు కోసే పనిముట్టుతో శుభ్రం చేశాం. సబ్‌ఫ్రేమ్‌ని సరిచూసుకోవడానికి కంపెనీ ఇచ్చిన రెండు రంధ్రాల్లో సరిపోయే కడ్డీలు దూర్చి, బాడీ రంధ్రాలతో కలిపి, అప్పుడు నాలుగు బోల్టులు చేత్తో ఎక్కించి, మాన్యువల్‌లో చెప్పిన వరసలో, చెప్పిన టార్క్‌కి బిగించాం. క్యాంబర్ ఎడమ మైనస్ 27, కుడి మైనస్ 25. మొత్తం మళ్లీ 52. టో (చక్రాలు ముందుకి తిన్నగా చూస్తున్నాయా అనే కొలత) సరిచేశాం. ఇరవైసార్లు రివర్స్ తీసి బ్రేక్ వేశాను. శబ్దం లేదు. ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద బండి గీత గీసినట్టు పోయింది. బోల్టులు, పని, అలైన్‌మెంట్ కలిపి 5,400. మొదటిసారి నేను చేసిన అలైన్‌మెంట్ డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఆర్మ్ నిజంగానే పోయింది కాబట్టి దాని డబ్బు ఉంచుకున్నాను.

క్లచ్ చేసినవాళ్ల సంగతి

ఆయనకి సహజంగానే కోపం వచ్చింది. నన్ను రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను, కానీ చూసింది మాత్రమే రాశాను: ఏ బోల్టు ఎంత వదులు, ఏ తల మీద ఏ అంకె, ఏ గీత ఎంత విరిగింది, తేదీ, కిలోమీటర్లు. ఎవరు చేశారన్నది రాయలేదు, ఎందుకంటే నేను చూడలేదు. గేర్‌బాక్స్ దించడానికి సబ్‌ఫ్రేమ్ విప్పాలి, లోయర్ ఆర్మ్ మార్చడానికి ఈ మోడల్‌లో విప్పక్కర్లేదు అని మాత్రం చేర్చాను. పాత బోల్టులు నాలుగూ కవర్‌లో పెట్టి ఇచ్చాను.

దారి ఉందని కూడా చెప్పాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవలో లోపం ఉంటే జిల్లా కమిషన్‌కి పోవచ్చు, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడొచ్చు. అంత దాకా పోలేదు. క్లచ్ చేసినవాళ్లు మొదట కాదన్నారు, వీడియో, 8.8 బోల్టు చూశాక క్లచ్ కూలీ డబ్బు వెనక్కి ఇచ్చారు. మధ్యలో అనవసరంగా మార్చిన లింక్ రాడ్లు, స్ట్రట్, మౌంట్ల డబ్బు ఎవరూ ఇవ్వలేదు.

అప్పటి నుంచి మా దగ్గర

జాబ్ కార్డులో పైన రెండు ప్రశ్నలు చేర్చాం. రోజూ బండి ఎవరు నడుపుతారు? ఏడాది లోపల క్లచ్, గేర్‌బాక్స్, ఇంజిన్ ఏదైనా దించారా? మొదటి ప్రశ్నకు వేరే మనిషి పేరు వస్తే ఆ మనిషితో ఫోన్‌లోనైనా మాట్లాడాకే బండి ఎత్తుతాం. చాలాసార్లు ఆ ఫోన్‌లో దొరికేది గంట రోడ్డు టెస్టులో దొరకడం లేదు.

పాత అలైన్‌మెంట్ కాగితాలుంటే తెమ్మంటున్నాం. లేకపోతే మా కాగితం రెండు కాపీలు తీసి ఒకటి మా దగ్గర పెడుతున్నాం. క్యాంబర్ రెండు పక్కలూ కూడి కాగితం మీద పెన్నుతో రాయడం మా కుర్రాళ్లకి అలవాటు చేశాను. సబ్‌ఫ్రేమ్ మీద పని జరిగిన ప్రతి బండికీ బోల్టుల మీద తెల్ల గీతలు గీసి పంపుతున్నాం.

బండి యజమానులు నన్ను అడిగితే చెప్పేది ఇది. అలైన్‌మెంట్ చేశాక స్టీరింగ్ మళ్లీ వంకరైతే, అది కూడా పక్క మారితే, ఇంకో అలైన్‌మెంట్ చేయించుకోకండి. ఏదో జరుగుతోంది, అది ఏమిటో దొరికే దాకా హైవే ఎక్కకండి. ఈ కుటుంబం ఆ బండిలోనే అనంతపురం పోయి వచ్చింది, అది కూడా నేను బాగుందని పంపించాక. ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, నాలుగు నెలలు గడిచాక ఇంకోసారి ఆమె బండి తెచ్చారు. గీతలు నాలుగూ విరగలేదు. క్యాంబర్ ఎడమ మైనస్ 27, కుడి మైనస్ 26. బాడీలోని కుడి ముందు నట్టు మీద మాత్రం నాకు పూర్తి నమ్మకం లేదు, మొదటి మరలు ట్యాప్ పడ్డా కొంచెం అరిగే ఉన్నాయి. అక్కడ బిగింపు మళ్లీ తగ్గితే ఆ నట్టు కోసి కొత్తది వెల్డ్ చేయాలి. అందుకే 80 వేల దగ్గర మళ్లీ చూపించమని ఆమెకు చెప్పి, తేదీ మా పుస్తకంలో రాసుకున్నాను.